లోడ్ బాక్స్ రాత్రుల నుంచి వందే భారత్ దాకా

కాజీపేట డీజిల్ షెడ్‌లో లోడ్ బాక్స్ టెస్ట్ పెట్టిన రాత్రి మా క్వార్టర్ వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగుతుండేవి. మరమ్మతు అయిన ఇంజన్‌ను ఉన్నచోటే నిలబెట్టి, అది పుట్టించే కరెంటునంతా పెద్ద పెద్ద రెసిస్టెన్స్ గ్రిడ్లలోకి పంపి, నిజంగా బండి లాగుతున్నంత భారం దాని మీద వేసి చూసే పరీక్ష అది. ఇంజన్ జోరు పెంచే మెట్లను నాచ్‌లంటారు. నాచ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా ఎక్కిస్తూ పోతారు. ఎనిమిదో నాచ్‌కు వచ్చేసరికి ఆ మోత పొట్టలోకి దిగేది. కాలనీ పిల్లలం ఆ మోతలోనే హాయిగా నిద్రపోయేవాళ్లం. టెస్ట్ అయిపోయి ఇంజన్ ఆపినప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచేవాళ్లం.

బాపు ఆ షెడ్‌లో ఫిట్టర్. నైట్ డ్యూటీ దిగి వచ్చాక బనియన్ వేస్ట్‌తో మోచేతుల దాకా తుడుచుకుని, ఎర్ర సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. ఆయన ఖాకీ చొక్కా వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. డీజిల్, లూబ్ ఆయిల్, కాలిన రబ్బరు కలిసిన వాసన. అమ్మ ఆ బట్టలను వేరే బకెట్లో నానబెట్టేది.

షెడ్ నిండా డబ్ల్యూడీఎం-2 ఇంజన్లే. మేం మాత్రం 'ఆల్కో' అనే అనేవాళ్లం, అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ డిజైన్ కాబట్టి. 1962లో మొదటివి ఓడల మీద దిగాయి. 1964 నుంచి వారణాసిలో మనవాళ్లే తయారు చేశారు. పదహారు సిలిండర్లు, 2600 హార్స్ పవర్, 112 టన్నుల బరువు. ఈ అంకెలు నాకు ఎక్కాలకన్నా ముందు వచ్చాయి.

అయితే బాపు ఇంజన్‌ను అంకెలతో చూసేవాడు కాదు. పక్క తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడేవాడు. "ఎడమ దిక్కు ఒక సిలిండర్ సరిగ కొడ్తలేదు" అనేవాడు. విప్పి చూస్తే అదే తేలేది. ఒకసారి సెలవు రోజు నన్ను వెంట తీసుకెళ్లి, నా చెయ్యి తన చేతి పక్కన పెట్టించాడు. "ఇను బిడ్డా, నాలుగు దెబ్బలకోపారి గొంతు మారుతలేదా?" అన్నాడు. నాకేమీ తెలియలేదు. తెలిసినట్టు తలూపాను. ఆ తర్వాత నిజంగా తెలియడానికి రెండేళ్లు పట్టింది.

పొగను కూడా చదివేవాడు. బండి కదులుతుండగా నల్లగా గుప్పున లేస్తే డీజిల్ ముందు వెళ్లి గాలి ఇంకా అందలేదని. గాలిని లోపలికి నెట్టే టర్బో అందుకోగానే ఆ నలుపు విరిగిపోవాలి. నీలంగా వస్తే లూబ్ ఆయిల్ కాలుతోందని. కాజీపేట స్టేషన్ నుంచి సింగరేణి ప్యాసింజర్ కదిలితే మా ఇంటి మెట్ల మీద నుంచే దాని ఆరోగ్యం చెప్పేవాడు.

కాలేజీలో చేరాక ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం చివర, హైదరాబాద్ దిక్కున, ఒక సిమెంటు బెంచీ మాకు అడ్డా అయింది. నలుగురం. స్కూల్లో లెక్కలు చెప్పే సారు, పోస్టాఫీసులో పనిచేసే అన్న, అప్పుడే అసిస్టెంట్ డ్రైవర్‌గా చేరిన నా దోస్తు, నేను. ఆదివారం సాయంత్రం కృష్ణా, గోల్కొండ, గోదావరి అన్నీ చూసుకుని చీకటి పడ్డాక ఇంటికి. నలభై పేజీల నోటు పుస్తకంలో ఇంజన్ నంబరు, షెడ్ పేరు రాసుకునేవాళ్లం. ఇంజన్ పక్కన మూడక్షరాలు చూస్తే చాలు, ఎక్కడిదో చెప్పేసేవాళ్లం. కేజడ్‌జే మాది, ఎల్‌జీడీ లల్లాగూడ, బీజడ్‌ఏ విజయవాడ. ఈడీ అని రెండే అక్షరాలుంటే ఈరోడ్. రోజూ వచ్చే షెడ్ ఇంజన్ కాకుండా ఇంకో ఊరిది వస్తే 'ఆఫ్‌లింక్' అని కేకేసేవాళ్లం. పక్కన కూర్చున్న ప్రయాణికులు వీళ్లకేమైందని చూసేవాళ్లు. రైలు పిచ్చి ఉన్నవాళ్లు దేశమంతా ఉన్నారని, వాళ్లూ ఇవే మాటలు వాడతారని అప్పటికి మాకు తెలియదు.

వ్యాప్-4 ఇంజన్ల గురించి మేం చేసినంత చర్చ పెళ్లి సంబంధాల గురించి కూడా ఎవరూ చేయరు. వ్యాప్ అంటే డబ్ల్యూఏపీ. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే కరెంటు, పీ అంటే ప్యాసింజర్ బండి. చిత్తరంజన్ కర్మాగారంలో 90ల్లో తయారైన 5000 హార్స్ పవర్ ఇంజన్. ఆల్కోకు దాదాపు రెట్టింపు. సారు మొదటి రోజు నుంచే దాని పక్షం. పోస్టాఫీసు అన్నకు అస్సలు నచ్చలేదు. "ఫ్యాన్ తిరిగినట్టు గుయ్యిమంటది, ఇంజన్ లెక్క లేదు" అనేవాడు. ఆయన అన్నదీ నిజమే. దాని బ్లోయర్ల మోత అంత గట్టిగా ఉండేది.

ఇంటికొచ్చి బాపును అడిగాను. ఆయన అన్నం కలుపుతూ, "పొగ లేని ఇంజన్ మంచిగుందో బాగలేదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే ఆయనకు ఆ సందేహం వచ్చింది. అప్పుడు నేను దాన్ని సరిగా పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత గానీ ఆ ప్రశ్న బరువు నాకు తెలియలేదు.

బోగీల రంగులు కూడా ఆ రోజుల్లోనే మారుతూ వచ్చాయి. ఇటుక ఎరుపు పోయి నీలం వచ్చింది. వ్యాక్యూమ్ బ్రేకుల స్థానంలో ఎయిర్ బ్రేకులు పెట్టిన బోగీలకు ఆ నీలం వేశారు. 2003 ఆగస్టులో హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలైనప్పుడు మేం నలుగురం పనిగట్టుకుని వెళ్లి సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి దాకా తిరిగొచ్చాం. ఇంజన్ విడిగా లేని బండిలో నేను ఎక్కడం అదే మొదటిసారి. అన్న దారి పొడవునా అసంతృప్తిగానే ఉన్నాడు. "ఇండ్ల చూసుడానికి ఏముందిరా" అన్నాడు.

వ్యాప్-7 సంగతి వేరు. దాన్ని చూసి మారని మనిషి మాలో లేడు.

2000లో చిత్తరంజన్ నుంచి మొదటిది బయటికి వచ్చింది. 30201 నంబరు, నవకిరణ్ అని పేరు. త్రీఫేజ్ మోటార్లు, 6000 పైచిలుకు హార్స్ పవర్. పేపర్లో చిన్న ముక్క చదివి దాచుకున్నాం. మా లైన్లో కనపడటానికి చాలా ఏళ్లు పట్టింది. లల్లాగూడ షెడ్‌కు వచ్చాక ఒక సాయంత్రం మా దోస్తు (అప్పటికి పూర్తి డ్రైవర్ అయ్యాడు, ఇప్పటి మాటలో లోకో పైలట్) ఫోన్ చేసి "ఏడు వస్తంది, ఉరుకు" అని పెట్టేశాడు. నేను బండి స్టాండ్ కూడా సరిగా వేయకుండా ప్లాట్‌ఫాం మీదికి పరిగెత్తాను.

ఆగి ఉన్నప్పుడు దాంట్లో విశేషమేమీ కనపడలేదు. కదిలినప్పుడు పాడింది. నిజంగా పాడింది. కింది స్వరం నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ, మళ్లీ దిగి, మళ్లీ ఎక్కుతూ. మోటార్లకు కరెంటును ముక్కలు ముక్కలుగా కోసి పంపే జీటీవో అనే పరికరాలు చేసే శబ్దం అది. పోస్టాఫీసు అన్న బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. బండి అవుటర్ దాటేదాకా కూర్చోలేదు. "దీనికి గొంతుంది" అన్నాడు చివరికి. తర్వాత తయారైన వ్యాప్-7లలో వాటి బదులు ఐజీబీటీలు అనే కొత్త పరికరాలు పెట్టేసరికి ఆ పాట పోయింది. కొత్త ఇంజన్ అయ్యుండి కూడా పాతదైపోయిన శబ్దం అది. అప్పట్లో ఫోన్లో రికార్డు చేసుకున్నది నా దగ్గర ఇంకా ఉంది.

సారు మాత్రం ఆ పాటకన్నా గడియారాన్ని ఎక్కువ చూశాడు. ఇరవై నాలుగు బోగీల బండిని వ్యాప్-4 నూటపది వేగానికి తేవాలంటే ఎంత దూరం తింటుందో, ఇది ఎంత తొందరగా అందుకుంటుందో మాకు వేళ్ల మీద లెక్క చెప్పేవాడు. "బండి పైకి ఎంత స్పీడు పోతదని అందరడుగుతరు. ఆగినంక మళ్ల ఎంత జల్ది లేస్తదని ఒక్కడూ అడగడు" అనేది ఆయన ఊతపదం. ఒక స్టేషన్, నెమ్మదిగా పొమ్మనే ఒక కాషన్ ఆర్డర్, ఒక ఎర్ర సిగ్నల్, ప్రతి చోటా నిమిషమో రెండు నిమిషాలో మిగులుతాయి. మన బండ్ల ఆలస్యాలన్నీ అక్కడే పుడతాయని ఆయన నమ్మకం. ఇన్నేళ్లకు నేనూ దానికే వచ్చాను.

ఇదే ఇంజన్ వల్ల ఇంకో మార్పు వచ్చింది, దాన్ని గమనించినవాళ్లు తక్కువ. మునుపు ఏసీ బండ్లకు రెండు చివర్లా జనరేటర్ బోగీలు ఉండేవి. అవి ప్లాట్‌ఫాం మీద ఆగితే పక్కవాడి మాట వినపడేది కాదు, పొగ ముఖం మీదికి కొట్టేది. వ్యాప్-7లో తీగ నుంచి తీసుకున్న కరెంటునే బోగీల లైట్లకు, ఏసీలకు పంపే ఏర్పాటు వచ్చాక ఆ జనరేటర్ల అవసరం తప్పింది. ఢిల్లీ బండి ఆగినప్పుడు చాయ్ అమ్మేవాడి గొంతు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడిన రోజు నాకు గుర్తుంది.

ఎల్‌హెచ్‌బీ బోగీల మీద మాకు పెద్ద గొడవే అయింది. జర్మనీ డిజైన్, స్టీలు ఒళ్లు, డిస్క్ బ్రేకులు. అన్నకు చెన్నై ఫ్యాక్టరీలో తయారయ్యే పాతరకం ఐసీఎఫ్ బోగీ అంటే ప్రాణం. కొత్త బోగీలు కదిలేటప్పుడు, ఆగేటప్పుడు కుదుపు ఎక్కువని, చేతిలో టీ ఒలుకుతుందని ఆయన వాదన. అందులో అబద్ధం లేదు, మొదట్లో ఆ కుదుపు అందరం అనుభవించాం. చెన్నైలో ఐసీఎఫ్ తన పాతరకం బోగీని 2018 జనవరిలో చివరిసారిగా తయారు చేసి పంపినప్పుడు, అన్న ఇంట్లో మనిషి పోయినట్టు రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత 2023 ఫిబ్రవరి 15న గోదావరి ఎక్స్‌ప్రెస్ బీబీనగర్, ఘట్‌కేసర్ మధ్య పట్టాలు తప్పింది. మేం చిన్నప్పటి నుంచి ఎక్కిన గోదావరి. 1974 ఫిబ్రవరి 1న మొదలైన బండి, మాకన్నా పెద్దది. పొద్దున్నే టీవీ పెట్టి గుండె చేత్తో పట్టుకుని చూశాం. బోగీలు పక్కకు జరిగాయి, కానీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అవి ఎల్‌హెచ్‌బీ బోగీలు. వాటి కప్లింగులు ఒకదాన్నొకటి వదలకుండా పట్టుకుంటాయి. అన్న ఫోన్ చేసి "టీ ఒలికినా పర్వాలేదు తియ్" అని పెట్టేశాడు.

ఈలోగా ట్రైన్ 18 వచ్చింది. ఐసీఎఫ్‌లో సుధాంశు మణి జనరల్ మేనేజర్‌గా ఉన్నప్పుడు పద్దెనిమిది నెలల్లో తయారు చేసిన బండి. 2018 అక్టోబరులో బయటికి తెచ్చారు, కోటా దగ్గర పరీక్షల్లో 180 అందుకుంది, 2019 ఫిబ్రవరి 15న వందే భారత్ పేరుతో ఢిల్లీ నుంచి వారణాసికి మొదలైంది. మన దేశంలో, మనవాళ్ల చేతుల మీద, అంత తక్కువ కాలంలో అలాంటిది తయారైందంటే నాకు గర్వంగా అనిపించింది. దాంతోపాటు ఒక బెంగ కూడా. బండి ముందు ఇంజన్ ఉండదు. మోటార్లు బోగీల కింద దాక్కుంటాయి. నలభై ఏళ్లుగా నేను చూడటం నేర్చుకున్నది ఏదైతే ఉందో అది కళ్ల ముందు ఉండదు.

అప్పటికే మా షెడ్ ఆల్కోలు ఒక్కొక్కటే కండెమ్ అవుతున్నాయి. బాపు 2007లోనే రిటైరయ్యాడు. ఏ ఇంజన్ స్క్రాప్‌కు వెళ్లిందో పాత దోస్తులు వచ్చి చెప్పేవాళ్లు. తన చేత్తో పిస్టన్లు మార్చిన ఇంజన్ల నంబర్లు ఆయనకు వరసగా గుర్తుండేవి. విని, ఊ అని, చుట్ట వెలిగించుకునేవాడు.

2023 సంక్రాంతి రోజు, జనవరి 15న, సికింద్రాబాద్ నుంచి విశాఖకు మా లైన్లో మొదటి వందే భారత్ నడిచింది. దానికి నాలుగు రోజుల ముందే విశాఖలో ఎవరో రాళ్లు వేసి అద్దాలు పగలగొట్టారని వార్త. ఇంకా ఒక్క ప్రయాణికుడు ఎక్కని బండి మీద రాయి వేయడానికి చేయి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు మొదటి ప్రయాణం కాబట్టి చాలా స్టేషన్లలో ఆగుతూ వచ్చింది. కాజీపేట ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టే చోటు లేదు. ముగ్గులు, డప్పులు, కొత్త బట్టలేసుకున్న పిల్లలు. మా బెంచీ మీద ఎవరో ఎక్కి నిలబడి ఉన్నారు. తెల్లగా, నున్నగా, దాదాపు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. సారు రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. అన్న ఈసారి ఏమీ అనలేదు, బండి చివరి దాకా నడిచి మళ్లీ వెనక్కి నడిచొచ్చాడు.

మర్నాటి నుంచి ఆ బండి మాకు ఆగలేదు. అప్పట్లో వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రి. అంతే. ఇన్ని ఇంజన్లకు పురుడు పోసిన ఊరికి హాల్ట్ లేదని మా కాలనీ అంతా బాధపడింది, నాతో సహా. 2024 సెప్టెంబరులో నాగ్‌పూర్ వందే భారత్ వచ్చాక, అది కాజీపేటలో ఆగుతుండటంతో ఆ బాధ కొంత తీరింది.

నా మనసులో ఉన్నది ఒకటి చెప్పాలి. వందే భారత్ ఎంత బాగున్నా మా లైన్ జనంలో ఎక్కువమంది ఎక్కేది జనరల్ బోగీ, స్లీపర్. అందుకే 2023 డిసెంబరు 30న అమృత్ భారత్ మొదలైనప్పుడు నాకు ఎక్కువ సంతోషం వేసింది. ఏసీ లేని ఇరవై రెండు బోగీలు, ముందొక ఇంజన్, వెనకొక ఇంజన్, రెండూ కలిసి పనిచేసే పుష్‌పుల్. ఆ రోజు మొదలైన రెండు బండ్లలో ఒకటి, మాల్దా నుంచి బెంగళూరు వెళ్లేది, మన విజయవాడ మీదుగానే పోతుంది. పుష్‌పుల్ అన్న మాట వినగానే మా తరం తెలంగాణవాళ్లకు హైదరాబాద్ ప్యాసింజర్ గుర్తొస్తుంది. ఇంజన్ తిప్పే పని లేకుండా అటూ ఇటూ నడిచే ఆ బండికి ఊళ్లలో పేరే పుష్‌పుల్. వందే భారత్‌లు పది వచ్చే చోట ఇవి ఇరవై రావాలని నా కోరిక.

2024 ఎండాకాలంలో విశాఖలో మా మేనకోడలి పెళ్లికి బాపును వందే భారత్‌లో తీసుకెళ్లాను. ఆటోలో వరంగల్ వెళ్లి ఎక్కాం. బాపుకు డెబ్బై ఏడేళ్లు. వయసు మీద పడి వినికిడి బాగా తగ్గింది, గట్టిగా చెప్తే తప్ప వినపడదు. దాదాపు 700 కిలోమీటర్ల దారి, సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఎనిమిదిన్నర గంటలు, గంటకు సగటున 82 పడుతుందని నేను ఆయన చెవిలో అరిచి చెప్తున్నాను. గోదావరి ఇదే దూరానికి పన్నెండు గంటలు దాటిస్తుందని కూడా చెప్పాను. ఆయన వింటున్నట్టు లేదు. కిటికీ లోంచి పత్తి చేలు చూస్తున్నాడు. నాకు లోపల దిగులుగా ఉంది. ఈ బండిలో ఆయనకు చూపించడానికి పొగ లేదు, వినిపించడానికి శబ్దం లేదు, ఉన్నా ఆయనకు వినపడదు. పొగ లేని ఇంజన్ సంగతి ఎట్ల తెలుస్తదని ఆయన అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

డోర్నకల్ దాటాక బోగీలోని తెర మీద 130 అని పడింది. బాపు వంగి చెప్పులు విడిచి, రెండు అరికాళ్లూ నేల మీద ఆనించాడు. అరచెయ్యి కిటికీ కింద గోడకు పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆయన్ను మళ్లీ అలా చూశాను.

"ఈ డబ్బ కింద మోటార్లున్నయ్" అన్నాడు.

మా దోస్తుకు ఫోన్ చేశాను. ఏ బోగీలో ఉన్నామో చెప్పాను. "నిజమే, అది మోటార్ కోచే. పదహారింటిలో ఎనిమిదింటి కిందనే ఉంటయ్. ముంగట డ్రైవర్ కూసునే దాని కింద కూడ ఉండవు" అన్నాడు. నేను అదే బాపు చెవిలో గట్టిగా చెప్పాను. డ్రైవర్ డబ్బకే మోటార్లు ఉండవంటే ఆయన నమ్మలేదు. లేచి నిలబడ్డాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, సీట్లు పట్టుకుంటూ పక్క బోగీలోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. తలుపు దగ్గర ఉత్తి కాళ్లతో కాసేపు నిలబడి, తల అడ్డంగా ఊపాడు.

"ఇండ్ల లేవు."

"బాపూ, చాయ్ తెచ్చిండ్రు, రా కూసో" అన్నాను.

"ఇంక ఎన్ని డబ్బలున్నయ్?" అని అడుగుతూ ముందుకు నడిచాడు.